తుపానుకు ముందు టవర్ క్రేన్‌ను ఎలా భద్రం చేయాలి: నెల్లూరు, ప్రకాశం సైట్ల కోసం

తుపాను వస్తోందంటే మన చేతులు ముందు తాడు కోసం వెతుకుతాయి. పడవైనా, రేకుల షెడ్డయినా, గడ్డివామైనా గట్టిగా కట్టేస్తాం. టవర్ క్రేన్ దగ్గర మాత్రం ఆ అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది. పని ఆపిన టవర్ క్రేన్ బూమ్‌ను, అంటే పైన అడ్డంగా చాచి ఉండే చేతిని, కట్టకూడదు. గాలి ఎటు తోస్తే అటు తిరిగేలా వదిలేయాలి. ఈ ఒక్క సంగతి సైట్‌లో అందరికీ తెలిసి ఉంటే సగం పని అయినట్టే. మిగతా సగం ఏంటంటే, ఆ పని ఎప్పుడు, ఎవరు, ఏ కాగితం ఆధారంగా చేయాలో ముందే తేల్చుకోవడం.

ఇది సొంత సేఫ్టీ ఆఫీసర్ లేని మధ్యతరహా సైట్ల కోసం రాస్తున్నాను. క్రేన్ అద్దెకు తెచ్చుకుని, ఆపరేటర్‌ను కూడా వాళ్లే పంపితే, ‘అదంతా క్రేన్ వాళ్లు చూసుకుంటారు’ అనుకునే బిల్డర్లు ముఖ్యంగా చదవాలి. క్రేన్ ఎవరిదైనా, దాని కింద పనిచేసేది మీ మనుషులే.

ముందు కాగితాలు, అదీ సెప్టెంబర్‌లోనే

మనకు తుపాన్ల కాలం అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. మే నెలలోనూ వస్తాయి. 2010లో లైలా మే నెలలోనే బాపట్ల దగ్గర తీరం దాటింది. కాబట్టి ఈశాన్య రుతుపవనాలు మొదలవకముందే ఫైల్ తెరిచి చూసుకోండి.

భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. దాని కింద 1998లో కేంద్ర నిబంధనలు, ఆ తర్వాత మన రాష్ట్ర నిబంధనలు వచ్చాయి. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. కొత్త ఏర్పాట్లు పూర్తయ్యే దాకా పాత నిబంధనలు కొనసాగుతాయని కేంద్రం చెప్పింది. అందుకని ‘చట్టం మారిందిగా, ఇప్పుడు ఏదీ వర్తించదు’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

క్రేన్ విషయంలో ఆ నిబంధనలు అడిగేవి ఇవి. సైట్‌లో నిలబెట్టాక, వాడకం మొదలుపెట్టే ముందు, అర్హత ఉన్న వ్యక్తి దాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. సైట్లలో కాంపిటెంట్ పర్సన్ అనేది ఇతన్నే. బలం మీద ప్రభావం చూపే రిపేరు ఏది చేసినా మళ్లీ పరీక్ష చేయించాలి. ఏమీ జరగకపోయినా ఐదేళ్లకోసారి లోడ్ పరీక్ష, పన్నెండు నెలలకోసారి క్షుణ్నంగా తనిఖీ ఉండాలి. 20 టన్నుల లోపు క్రేన్ అయితే దాని సామర్థ్యం కన్నా 25 శాతం ఎక్కువ బరువుతో పరీక్షిస్తారు. ఆపరేటర్‌కు 18 ఏళ్లు నిండి ఉండాలి, పని వచ్చి ఉండాలి, వైద్య పరీక్షలు జరిగి ఉండాలి.

చూడాల్సింది సర్టిఫికెట్ ఉందా లేదా అని మాత్రమే కాదు. దాని మీద ఉన్న సీరియల్ నంబర్, క్రేన్ మీది ప్లేటులో ఉన్న నంబర్ ఒకటేనా అని చూడండి. పోయిన సైట్‌లో చేసిన పరీక్ష కాగితాన్నే మీకు జిరాక్స్ తీసి ఇచ్చారేమో చూడండి. ఊరు మారి, విప్పి మళ్లీ బిగించిన క్రేన్‌కు పాత ఊరి కాగితం చెల్లదు. పరీక్షను తేలిగ్గా తీసుకోవద్దు. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్‌కు లోడ్ ట్రయల్ జరుగుతుండగానే అది కూలి 11 మంది చనిపోయారు. అందుకే పరీక్ష రోజున కింద, పైన, చుట్టుపక్కల అవసరం లేని మనిషి ఒక్కడు కూడా ఉండకూడదు.

ఈ నిబంధనలు ఎంత వివరంగా ఉన్నా, తుపాను హెచ్చరిక వచ్చిన ఎన్ని గంటల్లోపు ఏం చేయాలో మీ సైట్‌కు ఎవరూ వచ్చి చెప్పరు. అమెరికాలోని ఫ్లోరిడా ఆ లోటును చట్టంతోనే పూడ్చుకుంది. అక్కడ 2017లో ఇర్మా తుపానుకు మయామీ ప్రాంతంలో మూడు టవర్ క్రేన్లు విరిగాయి. 2024 అక్టోబర్‌లో మిల్టన్ వచ్చినప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక క్రేన్ ఎదురుగా ఉన్న ఆఫీసు భవనం మీద పడింది. 2025లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. తుపాను ప్రభావం మొదలయ్యే 24 గంటల ముందే, తయారీదారు చెప్పిన పద్ధతిలో క్రేన్లను భద్రం చేసి తీరాలని దాని సారాంశం. మనం అలాంటి చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. అద్దె అగ్రిమెంట్‌లో ఒక్క షరతు రాసుకుంటే మీ సైట్ వరకు అదే చట్టం.

అగ్రిమెంట్‌లో రాయించుకోవాల్సినవి

తుపాను అలర్ట్ వచ్చిన వెంటనే క్రేన్ కంపెనీ టెక్నీషియన్ సైట్‌లో ఉండాలి. ‘వస్తాడు’ అని కాదు, ఎన్ని గంటల్లో వస్తాడో రాయించండి. అతను చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో రావాలి. 2021 నవంబర్ వరదల్లో నెల్లూరు దగ్గర జాతీయ రహదారి 16 తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు మునిగాయి. అలాంటి రోజున బయల్దేరిన మనిషి దారిలోనే ఆగిపోతాడు.

రెండోది, తుపాను కోసం క్రేన్ ఆపిన రోజులకు అద్దె ఎవరు భరించాలో ముందే రాసుకోండి. ఇది తేలకపోతే ఆ రోజు ఇద్దరూ ఎదుటివాడి నోటి నుంచి ‘ఆపు’ అనే మాట రావాలని చూస్తారు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ‘మా సైట్‌లో ఉన్న ఎత్తులో, పని ఆపిన స్థితిలో, ఈ క్రేన్ ఎంత గాలిని తట్టుకునేలా డిజైన్ చేశారు?’ అని రాతపూర్వకంగా అడగండి. భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం భవనాల డిజైన్‌కు నెల్లూరులో తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మీ భవనాన్ని ఆ లెక్కతో కడుతూ, పక్కన నిలబెట్టిన క్రేన్‌కు ఏ లెక్కా అడగకపోవడం ఏం న్యాయం? తక్కువ గాలులుండే ప్రాంతం కోసం తయారైన మోడల్ అయితే ఎత్తు తగ్గించడమో, క్రేన్ నిలువు స్తంభాన్ని (మాస్ట్) భవనానికి పట్టి ఉంచే టైలు అదనంగా బిగించడమో, పునాది పెంచడమో చేయాలి. అది క్రేన్ నిలబెట్టకముందే తేలాలి, తుపాను బంగాళాఖాతంలో ఉన్నప్పుడు కాదు.

గాలి లెక్క ఎలా చూడాలి

వాతావరణ శాఖ భాష ఒకసారి గుర్తు పెట్టుకోండి. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల గాలి ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం, 62 నుంచి 88 వరకు తుపాను, 89 నుంచి 117 వరకు తీవ్ర తుపాను. ఇవి నిలకడగా వీచే గాలి లెక్కలు. మధ్యలో కొట్టే ఈదురుగాలి ఇంకా ఎక్కువ. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్లకు దక్షిణంగా తీరం దాటినప్పుడు గాలి 90 నుంచి 100, ఈదురుగాలి 110 దాకా అని చెప్పారు.

ఆ అంకె నేల నుంచి పది మీటర్ల ఎత్తులోది. మీ బూమ్ ఉండేది అక్కడ కాదు. చుట్టూ పెద్దగా అడ్డం లేని చోట, ఐఎస్ 875 లెక్కలోనే, 50 మీటర్ల ఎత్తులో గాలి వేగం సుమారు 17 శాతం ఎక్కువ. అంటే టీవీలో 110 అని చెబితే మీ బూమ్ దగ్గర దాదాపు 129.

ఇంకో సంగతి. వేగం రెట్టింపయితే గాలి తోపు నాలుగింతలవుతుంది. దీన్ని ఒక ఫ్లెక్సీతో చూడండి. చాలా సైట్లలో క్రేన్ మాస్ట్‌కో బూమ్‌కో ప్రాజెక్టు పేరుతో, ఓనర్ ఫొటోతో ఫ్లెక్సీ కడతారు. అది మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు అనుకుందాం. సెకనుకు 20 మీటర్ల గాలిలో దాని మీద పడే తోపు దాదాపు 145 కిలోల బరువుతో సమానం. సెకనుకు 50 మీటర్ల గాలిలో అది 900 కిలోలు దాటుతుంది. క్రేన్ డిజైన్ చేసినవాడు ఆ ఫ్లెక్సీని లెక్కలో వేసుకోలేదు. పైగా బూమ్ మీద తప్పు చోట కడితే, గాలికి తిరగాల్సిన క్రేన్ తిరగకుండా అది అడ్డం పడుతుంది. తయారీదారు ఒప్పుకున్న బోర్డు తప్ప ఏదీ ఉండకూడదు. ఎలక్షన్ ఫ్లెక్సీ అయినా, పండగ లైట్ల సీరియల్ సెట్టయినా ఈ మాటే వర్తిస్తుంది.

పని చేస్తున్నప్పుడు ఆపాల్సిన గాలి వేగం ప్రతి క్రేన్ మాన్యువల్‌లోనూ ఉంటుంది. చాలా టవర్ క్రేన్లకు అది గంటకు 72 కిలోమీటర్లు. అంతవరకు లాగమని కాదు. షట్టరింగ్ ప్లేట్ల వంటి వెడల్పాటి సరుకు ఎత్తుతుంటే చాలా ముందే ఆపాలి. క్రేన్‌ను నిలబెట్టడం, విప్పడం, దాని ఎత్తు పెంచడం లాంటి పనులకు పరిమితి ఇంకా బాగా తక్కువ. బూమ్ దగ్గర గాలి మీటర్ పనిచేస్తోందో లేదో చూడండి. క్యాబిన్‌లో ఎప్పుడు చూసినా సున్నా చూపిస్తుంటే గాలి లేదని కాదు, మీటర్ చెడిపోయిందని.

హెచ్చరిక వచ్చాక గంటల లెక్క

తుపానుకు వాతావరణ శాఖ నాలుగు దశల్లో సమాచారం ఇస్తుంది. మొదటిది 72 గంటల ముందు, తర్వాత 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్, 12 గంటల ముందు, తీరం దాటాక పరిస్థితి ఎలా ఉంటుందన్న అంచనా. కృష్ణపట్నం పోర్టులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్లు ఓడల కోసం. వాటిని చూసి క్రేన్ నిర్ణయం తీసుకోవద్దు. వాతావరణ శాఖ బులెటిన్, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ సమాచారం చూడండి. సందేహం ఉంటే 1070కి, లేదా జిల్లా కంట్రోల్ రూమ్ 1077కి ఫోన్ చేయండి.

72 గంటల దశలోనే క్రేన్ ఎత్తు పెంచే పని ఉంటే ఆపేయండి. మధ్యలో ఆగిన క్లైంబింగ్ కన్నా ప్రమాదకరమైన స్థితి క్రేన్‌కు ఇంకోటి లేదు. టై బిగించాల్సి ఉండి బిగించకపోతే అది ఇప్పుడే పూర్తి కావాలి. టెక్నీషియన్‌కు ఫోన్ ఇప్పుడే వెళ్లాలి.

48 గంటల అలర్ట్ వచ్చాక కొత్త స్లాబ్ మొదలుపెట్టకండి. సైట్లలో క్రేన్ ఆలస్యంగా ఆగడానికి అసలు కారణం గాలి గురించి తెలియక కాదు, స్లాబ్ సగంలో ఉండటం. ‘ఇంకో రెండు ట్రిప్పులు సార్, అయిపోతుంది’ అనే మాట దగ్గర గంటలు జారిపోతాయి. కాంక్రీట్ సగంలో ఆగితే జాయింట్ ఎక్కడ వదలాలో ఇంజనీర్ చెప్పగలడు, తర్వాత సరిచేసుకోవచ్చు. ఆ టెన్షన్‌లో ఆపరేటర్‌ను పైనే ఉంచి లాగడం మాత్రం తప్పు.

24 గంటల వార్నింగ్ వచ్చే సమయానికి క్రేన్ పూర్తిగా సిద్ధంగా ఉండాలి. అప్పుడు క్రేన్ విప్పేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. విప్పడానికి రోజులు పడుతుంది. సగం విప్పిన క్రేన్ గాలిలో నిలబడటం కన్నా పూర్తిగా బిగించి ఉన్నదే మేలు.

క్రేన్‌ను వదిలేసే క్రమం

పగటి వెలుతురులో, కరెంటు ఉండగా చేయండి. హుక్‌కు ఉన్న లోడ్, స్లింగులు, బకెట్, చైన్లు అన్నీ తీసేయాలి. హుక్‌ను పైకి లాగి, దాన్ని బూమ్ వెంట మోసుకెళ్లే ట్రాలీని మాన్యువల్ చెప్పిన చోట నిలపాలి. ఎక్కువ మోడళ్లలో అది మాస్ట్‌కు దగ్గరగా ఉంటుంది. బూమ్ పైకి లేచే రకం క్రేన్ అయితే దాన్ని ఏ కోణంలో ఉంచాలో కచ్చితంగా మాన్యువల్ చూసే పెట్టాలి, ఊహించి కాదు. క్యాబిన్ తలుపులు, కిటికీలు మూయాలి. పైన వదిలేసిన పనిముట్లు, ఆయిల్ డబ్బాలు, బోల్టుల సంచులు కిందికి తేవాలి.

తర్వాత బూమ్‌ను తిప్పే గేర్ బ్రేక్. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. కొన్ని క్రేన్లలో క్యాబిన్‌లోని బటన్ నొక్కితే బ్రేక్ విడుదలవుతుంది. కొన్నింటిలో పైకెక్కి మోటార్ మీది లివర్‌ను చేత్తో తిప్పి లాక్ చేయాలి. కరెంటు పోయినా బ్రేక్ విడుదలై ఉండేలా పెట్టడం ముఖ్యం. ఎందుకంటే చాలా బ్రేకులు కరెంటు పోగానే వాటంతటవే పట్టుకుంటాయి. పెట్టాక ‘అయిపోయింది’ అన్న మాటతో సరిపెట్టుకోకండి. మెయిన్ స్విచ్ ఆపించి, కింద నిలబడి పైకి చూడండి. కొద్దిపాటి గాలికే బూమ్ దానంతటదే మెల్లగా కదిలి, తోక (బరువు దిమ్మలున్న వైపు) గాలికి ఎదురుగా, ముక్కు గాలి పోయే వైపు నిలవాలి. గుడి మీది జెండా గాలికి తిరిగినట్టు తిరగాలి. అది కదలకపోతే బ్రేక్ ఇంకా పట్టే ఉంది, మళ్లీ పైకి పంపండి.

బూమ్ చుట్టూ పూర్తి వలయం ఖాళీగా ఉండాలి. పక్క భవనం వాటర్ ట్యాంకు, సెల్ టవర్, పొడవాటి చెట్టు, కరెంటు లైను ఏది తగిలినా బూమ్ అక్కడే ఇరుక్కుని గాలికి అడ్డంగా నిలబడిపోతుంది. గాలి ఒకే దిక్కు నుంచి వస్తుందనుకోవద్దు. తుపాను మనకు ఉత్తరాన తీరం దాటితే మన దగ్గర గాలి వాయవ్యం నుంచి పడమరకు, తర్వాత నైరుతికి మారుతుంది. మనకు దక్షిణాన దాటితే ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆగ్నేయానికి మారుతుంది. కేంద్రం మన మీదుగానే వెళితే గాలి కాసేపు ఆగిపోయి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. ఆ మధ్యలో తుపాను అయిపోయిందనుకుని ఎవరినీ పైకి పంపకండి. ఒకే సైట్‌లో రెండు క్రేన్లు ఉంటే, చిన్న క్రేన్ బూమ్ పెద్ద క్రేన్ మాస్ట్‌కు తగలకుండా తిరగగలదా అన్నది వాటిని నిలబెట్టే రోజే చూసుకోవాలి.

చివరగా పునాది. నల్లరేగడి నేలలోనూ, పెన్నా పక్కన ఇసుక నేలలోనూ గుంతలో నీళ్లు నిలిస్తే క్రేన్ కింద మట్టి మెత్తబడుతుంది. పునాది చుట్టూ కాలువ తీసి, మోటార్ సిద్ధంగా పెట్టండి. పునాది పక్కనే సెల్లార్ తవ్వకం నడుస్తుంటే గట్టు జారుతోందేమో చూడండి.

మనుషులు

మన సైట్లలో కార్మికులు ఎక్కడ నిద్రపోతారో మీకు తెలుసు. క్రేన్ కాళ్ల దగ్గరే రేకుల షెడ్లు, వాటిలో ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు, పిల్లలు. తుపాను రాత్రి ఆ షెడ్లలో ఒక్కరు కూడా ఉండకూడదు. పడితే క్రేన్ అందుకునే దూరం ఎంతో, అంటే మాస్ట్ ఎత్తుకు బూమ్ పొడవు కలిపి ఎంతో లెక్కేసి, ఆ వలయం బయట పక్కా భవనంలోకి మార్చండి. స్కూలు, కల్యాణ మండపం, పునరావాస కేంద్రం ఏదైనా సరే, ముందే మాట్లాడి పెట్టుకోండి. అన్నం, మంచినీళ్లు, ఫోన్ చార్జింగ్ మీరే చూడాలి. వలయంలోకి వచ్చే పక్కింటివాళ్లకు కూడా ఇంటింటికీ వెళ్లి చెప్పండి. సిగ్గుపడాల్సిన పని కాదిది.

‘క్రేన్ ఆపు’ అని చెప్పే అధికారం ఒకరికే ఉండాలి, ఆ పేరు రాసి గోడకు అంటించాలి. దాంతోపాటు ఆపరేటర్‌కు తనంతట తానే ఆపేసే హక్కు ఉండాలి. గాలి మొదట తెలిసేది అతనికే. క్యాబిన్‌లో ఈ మాటలు తెలుగులోనూ, హిందీలోనూ పెట్టండి:

‘గాలి ఎక్కువైందని నీకు అనిపిస్తే పని ఆపు. ఎవరినీ అడగక్కర్లేదు. ఆపినందుకు జీతం కోయరు, మాట అనరు. దిగే ముందు హుక్ పైకి, ట్రాలీ దాని చోటికి, బ్రేక్ విడుదల.’

కింద ఓనర్ సంతకం ఉండాలి. సంతకం లేకపోతే ఆపరేటర్ దాన్ని నమ్మడు.

మిగతా యంత్రాలు

హైడ్రాలు, మొబైల్ క్రేన్ల బూమ్ పూర్తిగా లోపలికి లాగి, దించి, తవ్వకాల అంచులకు దూరంగా గట్టి నేల మీద పార్క్ చేయించండి. పోర్టు పనుల్లో ఉండే పొడవాటి బూమ్ క్రాలర్ క్రేన్లకు బూమ్‌ను నేల మీద పడుకోబెట్టాలి. దానికి చోటు, గంటల సమయం కావాలి కాబట్టి ఆలస్యం చేయొద్దు. పైలింగ్ రిగ్గులకూ అంతే. బిల్డర్ హాయిస్ట్ పంజరాన్ని కింది అంతస్తుకు దించి కరెంటు తీసేయండి. పరంజికి కట్టిన ఆకుపచ్చ నెట్లు విప్పేయండి, తెరచాపలా గాలి పట్టేది అవే. స్లాబ్ మీద వదిలేసిన ప్లైవుడ్, షట్టరింగ్ ప్లేట్లు, రేకులు కట్ట కట్టి కిందికి దించండి. వీటిని మాత్రం కట్టాల్సిందే.

తుపాను వెళ్లాక

ఎండ రాగానే పని మొదలుపెట్టాలని అందరికీ తొందర. పోయిన రోజులు రాబట్టుకోవాలి, మేస్త్రీలు ఖాళీగా కూర్చున్నారు. అయినా కాంపిటెంట్ పర్సన్ చూసి సంతకం పెట్టేదాకా క్రేన్ తాళం ఎవరికీ ఇవ్వకండి. అతను చూడాల్సినవి: మాస్ట్ నిలువుగా ఉందా, పునాది ఒకవైపు కుంగిందా, యాంకర్ బోల్టులు, మాస్ట్ బోల్టులు వదులయ్యాయా, టైల దగ్గర గోడ చిట్లిందా, వెల్డింగుల్లో చీలికలు ఉన్నాయా, డ్రమ్ మీద రోప్ అడ్డదిడ్డంగా చుట్టుకుందా, ప్యానెల్‌లోకి నీళ్లు వెళ్లాయా, లిమిట్ స్విచ్‌లు పనిచేస్తున్నాయా, విడుదల చేసిన బ్రేక్ మళ్లీ సరిగా పడుతోందా. ముందు ఖాళీ హుక్‌తో అన్ని వైపులా తిప్పి చూడాలి. ఆ తర్వాతే తెలిసిన బరువుతో పరీక్ష. ఎక్కడైనా వంపో చీలికో కనిపించి రిపేరు చేస్తే, మళ్లీ మొదటిలాగే పూర్తి పరీక్ష, కొత్త సర్టిఫికెట్ కావాలి. ఆ కాగితం ఒక కాపీ ఫైల్లో, ఒకటి క్యాబిన్‌లో పెట్టి, తేదీ, సమయం రిజిస్టర్‌లో రాశాకే మొదటి లోడ్ ఎత్తించండి.